బడి కోసం కట్టిన నేస్తం

తెలివితక్కువ పనులు అందరూ చేస్తారు. కానీ బాగా ఆలోచించి, దారంతా లెక్కలు వేసుకుని, ఇంతకంటే మంచి ఎత్తు ఈ కొండల్లో ఎవడికీ తట్టి ఉండదని మీసం దువ్వుకుని మరీ చేసిన తెలివితక్కువ పని మా బజారు మొత్తంమీద నాదొక్కటే. ఒక పిల్ల నా బడి దాటిపోకుండా ఆపడానికి ఆ పిల్ల తండ్రితో నేస్తం కట్టాను.

నేస్తమంటే పల్లంలో మనం అనుకునే స్నేహం కాదు. అరకు కొండల్లో అది పెళ్ళిలాంటిది, పెళ్ళికన్నా గట్టిది. ఊరి దేవత రాయి ముందు ఇద్దరు మగవాళ్ళు ఒకరికొకరు పసుపు రాసుకుని బట్టలు మార్చుకుంటే, ఆ రోజు నుంచి పేరు పెట్టి పిలుచుకోకూడదు, నేస్తం అనే పిలవాలి. అతని పిల్లలు నీ పిల్లలు. అతనింట్లో చావు నీ ఇంట్లో చావు. ఇంతవరకూ ఎవరైనా ఒప్పుకుంటారు. ఆపైన ఇంకో రెండున్నాయి. నేస్తంతో బేరమాడకూడదు. నేస్తం అడిగినదానికి అబద్ధం చెప్పకూడదు.

నేనేమో తరాజు తాడు పట్టుకుని నడక నేర్చుకున్న కోమటిని. నా నోటికి ఈ రెండు పనులు తప్ప మూడోది చేతకాదని మా అమ్మ అనేది. అలాంటివాణ్ణి రెండింటినీ ఒక్క పొద్దున దేవత ముందు వదిలేసుకుని వచ్చాను. ఎందుకు వదులుకున్నానో చెప్పాలంటే పంతులమ్మ సంగతి ఎత్తాలి. ఆవిడ సంగతి ఎత్తితే నాకు ఇప్పటికీ కడుపులో మండుతుంది. అయినా చెబుతాను.

మాది కొండ కింద శృంగవరపుకోట బజారు. తాతల నాటి నుంచీ ఎడ్ల మీద ఉప్పూ బట్టలూ కిరసనాయిలూ కొండెక్కించి, పసుపూ పిప్పళ్ళూ చింతపండూ కిందికి దింపే వ్యాపారం. బజారులో ప్రతి అమ్మకం మీదా ధర్మానికని కొంచెం తీసి పక్కన పెట్టేవారు. ఆ సొమ్ము కొంత పోగయ్యాక దాంతో ఏం చెయ్యాలని పెద్దల మధ్య మాట వచ్చింది. సత్రానికి ఇంకో గది అన్నారొకరు. గుడికి ప్రహరీ అన్నారొకరు. నేను కొండ మీద బడి అన్నాను. అది నా దయాగుణం అనుకోకండి. అప్పటికి బస్తీల్లో రాట్నాలూ ఖద్దరూ జాతీయ పాఠశాలలూ అని జనం ఊగిపోతున్నారు. సభల్లో మాట్లాడిన ప్లీడర్ల మెడలో పూలదండలు చూశాను. నాకూ ఒకటి కావాలనిపించింది.

"కొండోళ్ళ పిల్లలకి లెక్కలొచ్చేత్తే మనకేటి మిగులుతాదిరా?" అన్నాడు మా చిన్నాన్న. అందరి మనసులోనూ అదే ఉంది.

"లెక్కలొచ్చినోడు ఇంకా పెద్ద లెక్కలో కొంటాడు చిన్నాన్నా," అన్నాను.

నాకే నమ్మకం లేని మాట. కానీ బేరానికి గొంతు ఉంటే చాలు, నమ్మకం అక్కర్లేదు. ఒప్పుకున్నారు. ఏటా ఒకసారి పెద్దలు పైకి వచ్చి చూస్తారు, బడి బాగుంటే ధర్మం సొమ్ము మళ్ళీ ఇస్తారు, లేకపోతే లేదు. సరుకు చూసి డబ్బన్నమాట.

కొండ మీద మా దుకాణం ఉన్న సంత మైదానం పక్కన, గెడ్డ అనే వాగు ఒడ్డున రెల్లుగడ్డి పాక వేయించాను. జీతమిచ్చి కింద నుంచి తెచ్చిన అయ్యవారు మొదటి వానలకే మన్నెం జ్వరం తగిలి కంబళి కప్పుకుని దిగిపోయారు. తర్వాత కుదిరినాయన ఘాటీ సగం ఎక్కి వెనక్కి తిరిగారట, నేను మొహం కూడా చూడలేదు. ఇక నేనే చెప్పడం మొదలుపెట్టాను. నాకొచ్చింది దుకాణం చదువు. ఓనమాలు, ఎక్కాలు, తూకాలు. చదువైపోయాక సంతరోజున తలో బెల్లంముక్క పెట్టేవాణ్ణి. అందుకని సంతరోజున పాక నిండిపోయేది, తక్కిన రోజుల్లో మేకలు వచ్చి పడుకునేవి.

ఒక్క మాట. ఆ రోజుల్లో కొండల మీద ప్రతిదీ కాగితమైపోతోంది. తాతల నాటి నుంచీ పోడు కొట్టుకున్న వాలు మీద సర్కారు వాళ్ళు రాళ్ళు పాతి, ఇవతల మీది, అవతల అడివి శాఖది అన్నారు. బండిరోడ్డుకి కూలికి పిలిచి, ఎవరు ఎన్నాళ్ళు పనిచేసిందీ మేస్త్రీ తన పుస్తకంలో తనకి తోచినట్టు రాసుకునేవాడు. చదవలేనివాడికి ఆ రాయీ ఆ పుస్తకమూ ఒకటే, రెండూ మాట్లాడవు. అక్కడ బడి నిజంగానే అవసరం. పూలదండ కోసం బడి పెట్టినవాడికి ఆ సంగతి కాస్త ఆలస్యంగా తెలిసింది.

ఈలోగా గెడ్డ అవతలి మిట్ట మీద మిషను వాళ్ళు ఇంకో బడి పెట్టి, పంతులమ్మను పంపారు.

ఎవరో దొరసాని వచ్చి ఉంటే నాకింత బాధ ఉండేది కాదు. వాళ్ళ వెనక సీమ డబ్బుందిలే అని సరిపెట్టుకునేవాణ్ణి. ఈవిడ సముద్రపు ఒడ్డు పల్లెలో పుట్టిన తెలుగు క్రైస్తవురాలు. నడివయసు, తెల్లచీర, నల్లగొడుగు, వెంట ఒక ముసలి తల్లి. మిషను వాళ్ళిచ్చే జీతం మా దుకాణంలో కాటా పట్టేవాడి జీతంకన్నా తక్కువ. బెల్లంముక్క లేదు. ఏమీ ఇవ్వదు. అయినా పిల్లలు పొద్దున్నే పరిగెత్తుకుంటూ మిట్ట ఎక్కుతారు!

ఆవిడ పిల్లలు పాడేవారు. ఆ పాట గెడ్డ దాటి నా పాకలోకి వచ్చేది. ఒకరోజు నేను రెండో ఎక్కం చెప్పిస్తుంటే నా పిల్లలు దాన్ని ఆ పాట వరసలో అందుకున్నారు. ఎక్కం తప్పు లేకుండా వచ్చింది. అంతకుముందెప్పుడూ రాలేదు. వాళ్ళను ఆపి, మళ్ళీ మామూలుగా చెప్పించాను. మళ్ళీ తప్పులు వచ్చాయి. అప్పటికి గానీ నా మనసు కుదుటపడలేదు.

చింతపండు కొనే వంకతో మిట్ట ఎక్కి చూసి వచ్చేవాణ్ణి. ఆవిడ బడి కప్పు కారడం లేదు. పిల్లల గోళ్ళు కత్తిరించి ఉన్నాయి. ఆవిడ వాళ్ళ భాషలోనే వాళ్ళని తిడుతోంది, వాళ్ళు పడీ పడీ నవ్వుతున్నారు. నాకూ వాళ్ళ భాష వచ్చు, ధరలూ తూకాలూ రెండు మూడు బూతులూ. ఆవిడకి అందులో కథలు చెప్పడం వచ్చు. వానల్లో ఆవిడకీ జ్వరం వచ్చింది. ఇక దిగిపోతుందిలే అని నేను రోజూ గెడ్డ ఒడ్డుకి వెళ్ళి చూసేవాణ్ణి. దిగలేదు. కంబళి కప్పుకుని అరుగు మీద కూర్చుని పాఠం చెప్పింది.

ఒకసారి గెడ్డలో రాళ్ళ మీద ఎదురుపడ్డాం.

"ఏం శెట్టిగారూ, మళ్ళీ చింతపండా? మొన్ననే కొన్నారుగా?"

"పులుపు బాగా తినే ఇల్లండీ మాది."

"మొహం చూస్తే తెలుస్తూనే ఉంది," అని గొడుగు పక్కకి వంచి నాకు దారి ఇచ్చింది. రాయి మీద తడబడి కాలు నీళ్ళలో వేశాను. నవ్వలేదు. నవ్వి ఉంటే నాకు కొంచెం ఊరటగా ఉండేది.

ఇక ఆ పిల్ల. గెడ్డకి ఇవతల, పై వాలులో చోళ్ళూ వలిసెలూ పండించుకునే మనిషి కూతురు. పదేళ్ళుంటాయి. నా పాకలో అక్షరాలు వచ్చిన మరునాటి నుంచీ సంతలో కంటబడ్డదల్లా చదివేది. కిరసనాయిలు డబ్బా, అగ్గిపెట్టె, బట్టల తాను చివర మిల్లు ముద్ర, ఉప్పు గోనె మీద మా తాత పేరు. చదివి ఊరుకోదు, గట్టిగా అరుస్తుంది. మంచి బెల్లం దిగితే మచ్చు ముక్క అరచేతిలో పెట్టుకుని కొట్టు కొట్టుకీ తిప్పి చూపిస్తాం. అలా తిప్పాను ఆ గుంటను. పెద్దలు వచ్చినప్పుడు నా బడికి మచ్చు అదే. ఆ ఒక్క పిల్లను చూసి సొమ్మిచ్చారు. వెనక కూర్చున్నవాళ్ళని ఎవరూ అడగలేదు, నేనూ చూపించలేదు.

ఒకరోజు ఆ పిల్ల గెడ్డ దాటి మిట్ట ఎక్కడం కనిపించింది. మర్నాడూ ఎక్కింది. ఆ మర్నాడు నా పాకకి వచ్చి, నా పిల్లలందరికీ ఆవిడ చెప్పిన కథ చెప్పింది. పెద్ద చేప కథ. నేను కూడా విన్నాను. బాగుంది. అన్నం సయించలేదు.

అప్పుడే నాకు ఆ గొప్ప ఆలోచన తట్టింది. కొండవాడికి నేస్తం మాటంటే మాటే. తండ్రితో నేస్తం కడితే కూతురు నా కూతురైపోతుంది. నా కూతురు నా బడి కాదని ఎదుటివాళ్ళ బడికి ఎలా వెళుతుంది? పంచె, కొబ్బరికాయ, పసుపు. ఇంత చవగ్గా అయ్యే పని ఇంకోటి లేదనుకున్నాను.

వాళ్ళింటికి వెళ్ళి మాట కదిపితే ఆ మనిషి చేస్తున్న పని ఆపి నన్ను కింద నుంచి పైదాకా చూశాడు.

"నువ్వా? నాతోనా? బాగా ఆలోసించుకున్నావా సావుకారూ?"

"ఆలోచించే వచ్చాను."

"బేరం నేకండా నువ్వెలగ బతుకుతావు?"

తలుపు వెనక నుంచి అతని భార్య నవ్వింది. "అబద్దం కూడా ఆడకూడదని సెప్పు. బేగి సెప్పీ, మల్లీ నాకు తెల్దంటాడు."

నేనూ నవ్వాను. వాళ్ళింట్లో వండినది పెడితే ఎలా తప్పించుకోవాలా అని దారంతా బెంగపడ్డాను గానీ, నేస్తం కట్టిన రోజున నా ఆకులో తేనెపట్టు ముక్కా పనసతొనలూ మాత్రమే పెట్టారు. కోమటి ఏం తినడో నేను చెప్పకుండానే కనుక్కున్నాడు. అతను ఏం తింటాడో నేను ఏనాడూ అడిగి ఎరగను.

మొదట నేననుకున్నట్టే జరిగింది. పిల్ల గెడ్డ దాటడం మానేసింది. "నేస్తం ఇంటి బడి ఉండగా అటెందుకు?" అన్నాడట తండ్రి. నన్ను సిన్నాన్నా అని పిలిచేది. మిట్ట వైపు చూసి మనసులో ఎన్నిసార్లు తొడ కొట్టుకున్నానో నాకే తెలియదు.

తర్వాతి సంతకి నేస్తం పసుపు తెచ్చాడు.

"ఎంతిమ్మంటావు నేస్తం?" అన్నాను.

"నీకెంత తోత్తే అంత ఇయ్యి నేస్తం."

చుట్టూ జనం చేరారు. ఎంతని చెప్పను? నాకు తోచేది ఎప్పుడూ సగం ధర, అసలు ధర అవతలివాడు అరిచాక కదా తేలేది! ఎక్కువే ఇచ్చాను. అతను లెక్కపెట్టుకుని కొంత వెనక్కి ఇచ్చాడు. "ఇది ఎక్కువ." నేను కాదన్నాను. అతను కాదన్నాడు. సంతంతా పని మానుకుని నవ్వింది. ఎవరో వెనక నుంచి, "సావుకారు ఎక్కువిత్తానని దెబ్బలాడతన్నాడురోయ్, సూడండి, సూడండి!" అని అరిచారు. ఆ వారం నేను ఇంకెవరితోనూ సరిగ్గా బేరమాడలేకపోయాను.

ఏడాది గడిచింది. పిల్ల నా బడిలోనే ఉంది, అదే చదువులో ఉంది. నాకు వచ్చినదంతా ఎప్పుడో అయిపోయింది. వడ్డీ లెక్కలు చెప్పబోతే, "ఇది ఎవులికి పనికొత్తాది సిన్నాన్నా?" అంది. నేనెలాగూ ఇంకేం చెప్పలేనని, కిటికీ దగ్గర కూర్చుని గెడ్డ అవతల ఏం చెబుతున్నారో వినేది.

అప్పుడు పంతులమ్మ మొదటిసారి నా పాకకి వచ్చింది. కప్పు వైపు చూసి, చిల్లుల్లోంచి వెలుతురు కనబడే చోటు తప్పించుకుని కూర్చుంది.

"శెట్టిగారూ, కింద సముద్రం వైపు మా వాళ్ళకి ఆడపిల్లల బడి ఉంది. పై తరగతులన్నీ ఉన్నాయి. అక్కడే ఉండి చదువుకుంటారు. నేను ఒక్క పిల్లని పంపొచ్చన్నారు. మీ పిల్లని అడుగుతున్నాను."

మీ పిల్ల అంది. ఆ మాట ఎంత తూకం చూసుకుని వేసిందో అని అనుమానించాను.

"మీ బడిలో ఇంతమంది ఉండగా నా పిల్లే దొరికిందా?"

"మిగతావాళ్ళు ఇంకా అంతవరకూ రాలేదు. తండ్రిని అడిగాను. నేస్తం ఏమంటే అదే అన్నాడు."

"పంపితే నా బడికేం వస్తుంది?"

"ఏమీ రాదండీ."

ఇలాంటి మనిషితో ఏం బేరం చెయ్యను? అందుకని ఇంకో వైపు నుంచి వెళ్ళాను. "మతంలో కలిపేసుకుంటారు కదా?"

"ప్రార్థన వింటుంది, దాచను. కలుస్తుందో కలవదో పెద్దయ్యాక తన ఇష్టం. మీరు అదే చెప్పండి వాళ్ళకి, నేనూ అదే చెప్పాను." లేచి గొడుగు తీసుకుంది. "వానలు పడితే ఘాటీ దిగలేం. బేగి చెప్పండి."

ఆ పిల్ల వెళితే పెద్దలు వచ్చినప్పుడు చూపించడానికి ఏమీ లేదు, బడి మూతపడుతుంది. అది నా సంగతి. వెళ్ళకపోతే ఆ పిల్ల చదువు అగ్గిపెట్టెల దగ్గర ఆగిపోతుంది. అది దాని సంగతి. రెండూ నాకు తెలుసు. తెలిసి కూడా కొండెక్కుతూ దారి పొడుగునా అబద్ధాలు కూర్చుకున్నాను. పల్లంలో కొండ పిల్లలకి ఒంట్లో బాగుండదనీ, ఉప్పుగాలి పడదనీ, జుట్టు కత్తిరించేస్తారనీ. మంచి మంచివి. సంతలోనైతే ఒక్కోటీ ఒక్కో బస్తా సరుకు తెచ్చేది.

ఇంటి ముందు నేస్తం, అతని భార్య, ఆ పిల్లా కూర్చుని ఉన్నారు. తల్లి చోళ్ళు చెరుగుతోంది. నాకు చాప వేశారు.

"నానెప్పుడూ పల్లం దిగనేదు," అన్నాడు నేస్తం. "ఆయమ్మ మంచిదే. కానీ నాకు బయంగా ఉంది. మాకాడి నుంచి ఒకడు ఓడెక్కి తేయాకు తోటలకి ఎల్లిపోనాడు, మరి రానేదు. నువ్వు దిగినోడివి. నువ్వు సెప్పు."

"నా బడిలోనే ఇంకో రెండేళ్ళు..." అని మొదలుపెట్టాను.

"ఉండు నేస్తం. అది నాను అడగనేదు." చెయ్యెత్తి ఆపాడు. "నీ బడిలో దీనికి ఇంకేటైనా ఉందా?"

చేట ఆగింది. పిల్ల నా మొహం వైపే చూస్తోంది. నేను కూర్చుకున్న అబద్ధాల్లో ఈ ప్రశ్నకి పనికొచ్చేది ఒక్కటీ లేదు. ఉంది అనొచ్చు. రెండే అక్షరాలు. సంతలో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అలాంటివి ఎన్నో అంటాను.

"లేదు," అన్నాను.

"మరి ఆయమ్మ సెప్పిన కాడ ఉందా?"

"ఉంది."

తల్లి చేట కింద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. నేస్తం చేటలో మిగిలిన చోళ్ళు బుట్టలో పోశాడు. "అయితే ఎల్తాది," అన్నాడు.

పిల్ల నా దగ్గరకు జరిగింది. "నువ్వు కూడా రారాదేటి సిన్నాన్నా? నీకూ సదువు ఇంకా రావాల గదా."

"నన్ను చేర్చుకోరే. అది ఆడపిల్లల బడి."

"అయితే నాను వొచ్చి సెప్తాన్లే."

నవ్వాననుకుంటాను.

వాళ్ళు దిగిన పొద్దున నేను చూడటానికి వెళ్ళలేదు. పంతులమ్మ గొడుగు పక్కన ఆ పిల్ల నడిచి వెళ్ళడం నా కళ్ళతో చూడలేనని నాకు తెలుసు. ఆ పూట దుకాణంలో పిప్పళ్ళు తూచాను, తూచినవే మళ్ళీ తూచాను. నేస్తం ఘాటీ కింద దాకా వెళ్ళి తిరిగొచ్చి, ఇంటికి పోకుండా నేరుగా నా దగ్గరికి వచ్చి గోనె మీద కూర్చున్నాడు. ఎవడో వచ్చి ఉప్పు అడిగితే అతనే లేచి కొలిచి ఇచ్చాడు.

ఆ ఏడు పెద్దలు వచ్చారు. వెనక కూర్చున్న పిల్లల్ని మొదటిసారి లేపి నిలబెట్టాను. వాళ్ళు ఎక్కాలు పాట వరసలో చెప్పారు, నేను ఆపలేదు.

"ఆ గుంటేదిరా?" అన్నాడు చిన్నాన్న.

చెప్పాను.

"అంటే మన ధర్మం సొమ్ముతో మిషనోళ్ళ పొలానికి నారు పోసినావన్నమాట!"

అంతే. సొమ్ము ఆగిపోయింది. నా పిల్లలు ఒక్కొక్కరే గెడ్డ దాటారు. పాక వానలకి ఒక పక్కకి ఒరిగింది. మిగిలిన పలకలు తీసుకెళ్ళి పంతులమ్మకి ఇచ్చేశాను. బలపాలు మాత్రం ఇవ్వలేదు. అంత మంచివాణ్ణి కాను.

ఆ పిల్ల చదువుకుని వచ్చింది. మిట్ట మీద పంతులమ్మ పక్కనే పాఠాలు చెబుతోంది. కూలి రోజుల లెక్క దగ్గర మేస్త్రీ ఎదురుగా నిలబడి పుస్తకం తన వైపు తిప్పించుకుని చదువుతుంది. వాడు ఇప్పుడు జాగ్రత్తగా రాస్తున్నాడు. సంతలో నన్ను చూస్తే అందరి ముందూ సిన్నాన్నా అని కేకేస్తుంది. ఎవరైనా, "ఈ సదువు నీకెవులు సెప్పినారు?" అని అడిగితే, "పంతులమ్మగారు," అంటుంది. నేను పక్కనే ఉంటాను. అది అబద్ధం కాదు గనక ఏమీ అనలేను.

ఇక లెక్క. ఖర్చు: పాక, పారిపోయిన అయ్యవారి జీతం, బెల్లం, పలకలు, ఇవి బజారు వాళ్ళ ధర్మం. పంచె, కొబ్బరికాయ, పసుపు, ఇవి నావి. ఏటేటా నేస్తం పసుపు మీద నేను పోగొట్టుకునేదీ నాదే, అది బతికినన్నాళ్ళూ ఉంటుంది. రాబడి: నా బడికొచ్చిన పిల్లల్లో చాలామంది నేను చెప్పింది మరిచిపోయారు. కొందరు తూకం ముల్లు చూసి తప్పు పట్టగలరు, ఎక్కువగా నా తూకమే. ఒక్క పిల్లకి చదువొచ్చింది. అందులో అక్షరాలు నావి, తక్కినదంతా ఆవిడది. సగం నాదని రాసుకుందామని రెండుసార్లు కలం ఎత్తాను, రాయలేదు. పూలదండ రాలేదు. ఒక నేస్తం ఉన్నాడు. అసూయ మొదలెంతో నిలవా అంతే, తరుగు లేదు.

మొత్తం మీద బజారుకి నష్టం, నాకు నష్టం, ఆ పిల్లకి లాభం.